బండి కాళ్ళకు పసుపు

సింగపూర్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు పోయేలోపు డబ్బాలో పెట్టిన ఇడ్లీ కూడా చల్లారదు. అలాంటి ఊళ్ళో మా బావ కేశవరావుగారు మంచం, పొయ్యి, స్నానాలగదితో సహా ఇల్లంత బండి కొన్నారు. సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్. టోవా పాయోలో లక్షణమైన ఫ్లాట్ ఉండగా ఈ చక్రాల ఇల్లెందుకు బావగారూ అని అడిగితే, "మలేషియా కొండలెక్కుదాం మరదలా. పొద్దున్నే మంచులో మీ అక్కకి నా చేత్తో కాఫీ ఇస్తాను" అన్నారు. రిటైరైన మగవాళ్ళకు ఏదో ఒక పిచ్చి లేకపోతే తోచదని నా అభిప్రాయం. నా అభిప్రాయాలు నేను దాచుకోను.

అసలు చిక్కు మా అక్క తారాదేవితో. రెండేళ్ళ కిందట కౌలాలంపూర్ నుంచి వస్తుంటే బస్సు వానలో జారి, రోడ్డు పక్క కాలవలోకి ఒరిగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పటినుంచి ఏది కాస్త పక్కకు వాలినా అక్కకు గుండె దడే. బస్సెక్కదు, టాక్సీ ఎక్కదు. పట్టాల మీద పోతుంది కాబట్టి రైలొక్కటే ఎక్కుతుంది. అలాంటి మనిషిని బావ నెలల తరబడి బతిమాలారు. బండికి నాలుగు కాళ్ళుంటాయని, ఆపిన చోట బటన్ నొక్కితే అవి దిగుతాయని, నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఇల్లు మాత్రం సమంగా నిలబడుతుందని చెప్పీ చెప్పీ చివరికి ఒప్పించారు. అక్క ఒక్కటే షరతు పెట్టింది. బండికి పూజ తన చేత్తో తనే చేయాలి.

చేసింది. కొబ్బరికాయ, నిమ్మకాయలు, హారతి, ఏదీ వదల్లేదు. ఆ తరువాత ఎవరూ చెయ్యి పట్టుకోకుండా తనంతట తనే మెట్టెక్కి లోపల కూర్చుంది. ఆ సంగతి నాకు ఫోన్‌లో చెబుతూ బావ ఏడ్చినంత పని చేశారు.

నెల తిరక్కుండానే బండి కాళ్ళు కారడం మొదలుపెట్టాయి.

ఆ కాళ్ళంటే నూనె ఒత్తిడితో దిగే జాకీలు. నూనె కారిపోతే కాలు మెల్లగా కుంగుతుంది, బండి ఆ పక్కకు ఒరుగుతుంది. అక్క లోపల కాఫీ తాగుతుండగానే ఒరిగింది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటకు పరుగెత్తుకొచ్చి, పార్కింగ్‌లో నిలబడి తేల్చి చెప్పేసింది.

"వచ్చే నెల ఆఖరి శనివారం ప్రయాణం అన్నారు. ఈలోగా ఇది కుదురుగా నిలబడకపోతే నేను రాను. మళ్ళీ జన్మలో నన్నడగొద్దు."

ఆ రోజు నుంచి బావకు మొదలయ్యాయి అక్షింతలు. "వంకాయలు కూడా చూసి తీసుకోవడం రాదు, ఈయన బండి కొన్నారు! ఎవడో అంటగడితే తెచ్చుకున్నారు!" అని అక్క అంటుంటే, బావ "నిజమే తారా, చూసుకోకపోవడం నాదే తప్పు" అంటున్నారు. తను పెట్టిన టీలో పంచదార తక్కువైందంటే ఒప్పుకోని మనిషి! నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

క్రేన్ల కాళ్ళు విప్పి బాగుచేయడమే నా ఉద్యోగం. ఆదివారం జురాంగ్ ఈస్ట్ అవతల మా వర్క్‌షాప్ ఖాళీగా ఉంటుంది. ప్రయాణం ఇంకో ఆరు రోజులుందనగా మా బాస్‌ను అడిగి బండిని అక్కడికి తెప్పించాను. బండి కింద దిమ్మలు పెట్టి, అన్నిటికంటే ఎక్కువ కారుతున్న ముందు కుడికాలు ఊడదీశాను. బావ పక్కనే స్టూలు మీద కూర్చుని టార్చ్ పట్టుకున్నారు. నాకు కావలసిన చోటు తప్ప అన్ని చోట్లా వెలుగు పడుతోంది.

"బావగారూ, నా మొహంలో ఏం వెతుకుతున్నారు? ఇటు పట్టండి."

పైన మూత మర తిప్పి, మెరిసే కడ్డీని బయటకు లాగాను. కడ్డీ చుట్టూ నూనె బయటకు రాకుండా పట్టి ఉంచే రబ్బరు రింగులుంటాయి, సీళ్ళంటారు. పై సీల్ అంచు చిరిగి ఉంది. ఆ చిరుగులో ఏదో గట్టిగా ఇరుక్కుంది. సూదితో పొడిచి తీశాను. బియ్యపు గింజ! పసుపు పట్టించిన బియ్యపు గింజ. దాని వెనకాల ఎండి గట్టిపడిన పసుపు, కుంకుమ ముద్దలు ముద్దలుగా వచ్చాయి.

"ఓరి నాయనో! అక్క దీని కాళ్ళకు పసుపు రాసి అక్షింతలు వేసిందా?"

"గట్టిగా అరవకు" అన్నారు బావ.

"అరవక? కడ్డీ లోపలికి పోయినప్పుడల్లా ఇదంతా సీల్‌ను గీకేస్తోంది! కుడికాలికి మరీ అంత దట్టంగా ఎందుకు రాసింది?"

"కుడికాలు ముందు పెట్టాలి కదా మరి."

ఆ మాట అన్న తీరుకు నాకు విషయం అర్థమైంది. "మీకు ముందే తెలుసు."

బావ టార్చ్ ఆర్పేశారు. "కారడం మొదలైన వారమే చూశాను. కారుతోందని మీ అక్క ప్రతి శుక్రవారం మళ్ళీ రాస్తోంది. తను అటు తిరగ్గానే నేను తుడిచేస్తున్నాను. లోపలికి పోయింది మాత్రం నా చేతికి రాలేదు."

"ఒక్క మాట చెబితే పోయేది కదా! రోజూ ఆ తిట్లు తినడమెందుకు?"

"పూజ చేశానన్న ధైర్యంతోనే ఎక్కింది గీతా. ఆ పూజే బండిని ఒరిగించిందని తెలిస్తే ఇంకెక్కుతుందా? అపశకునం అంటుంది. ఈ బండే కాదు, ఏ బండీ ఎక్కదు. తిట్లదేముంది, నాకు అలవాటే."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. కోపం వచ్చినప్పుడు నేను పని బాగా చేస్తాను. రెండో కాలు కూడా విప్పేశాను.

సరిగ్గా అప్పుడే అక్క రైలు దిగి వచ్చింది. ఒక చేతిలో క్యారియర్, ఇంకో చేతిలో పసుపు గిన్నె.

"రండి, మకాన్ టైమ్ అయింది, తిందురుగాని. ఉండండుండండి, ముందు కాళ్ళకు కాస్త..."

"ఆగక్కా!" అన్నాను. "దీని కాళ్ళకు పసుపు పెట్టకూడదు."

"ఎందుకని?"

నోటికొచ్చింది చెప్పేశాను. "కాళ్ళకు పసుపు ఆడవాళ్ళు కదా రాసుకుంటారు. ఇది మగబండి."

"మగబండని ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరు చెప్పాలి? ఇంత చోటు ఆక్రమించుకుని, నెలరోజులుగా ఒక్క పనీ చేయకుండా నిలబడింది చూడు."

బావ దగ్గారు. అక్క మాత్రం నవ్వలేదు. నా గ్లౌజుల వంక చూసింది. కింద ట్రేలో తేలుతున్న పసుపు ముద్దలను చూసింది. బావ గోళ్ళను చూసింది, అవీ పచ్చగానే ఉన్నాయి. "సరేలే, స్టీరింగ్‌కు పెడతాను" అని లోపలికి వెళ్ళిపోయింది. గండం గడిచిందని బావ ఊపిరి పీల్చుకున్నారు. అదీ ఆయన తెలివి.

సాయంత్రానికి నాలుగు కాళ్ళకూ కొత్త సీళ్ళు వేశాను. నూనె పోసి, లోపలి గాలి పోయేదాకా కాళ్ళను దించి, ఎత్తి, మళ్ళీ దించాను. కింద పరిచిన అట్టల మీద ఒక్క చుక్క పడలేదు. బండి ఎటూ ఒరగకుండా నిలబడింది. అక్క బయటకొచ్చి చుట్టూ తిరిగి చూసి, బావను మళ్ళీ అందుకుంది. "కొనేటప్పుడే ఇలా విప్పి చూపించుకుని ఉంటే ఈ తిప్పలుండేవా? మా చెల్లెలికి ఆదివారం కూడా పని పెట్టారు!"

"నాదే తప్పు తారా" అంటూ బావ చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. వెనకనుంచి చూసినా తెలుస్తోంది, మనిషి ఎంత సంతోషంగా ఉన్నారో!

నేనిక ఆగలేకపోయాను. "అక్కా, ఇక చాల్లే, పాపం ఆయన..."

"నా పసుపు నాకు తెలీదటే?" అంది అక్క మెల్లగా.

నేను చేతిలో గుడ్డ పక్కన పెట్టి దగ్గరకు వెళ్ళాను.

"పోపుల డబ్బా ముట్టని మనిషికి గోళ్ళు పచ్చగా ఎందుకున్నాయో మొన్న శుక్రవారం చూసినప్పుడు అర్థం కాలేదు. ఇవాళ ఆ ట్రే చూశాక అర్థమైంది. పాడుచేసింది నేను, తిట్లు తిన్నది ఆయన. నెలరోజుల నుంచి, పూటపూటా."

"మరి తెలిశాక కూడా ఇప్పుడెందుకు తిట్టావు?"

"ఒక్కసారిగా మానేస్తే నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలీదూ? నాకోసం అంత కష్టపడి దాచుకున్నారే. దాచుకోనీ." అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా భయం ఎక్కడికీ పోలేదే గీతా. ఇప్పటికీ ఆ మెట్టు చూస్తే వెనక్కి వెళ్ళిపోవాలనిపిస్తోంది. కానీ నేను రాననేస్తానని ఆ మనిషి నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. ఆయన భయమైనా తీరనీ."

నేను బండి కాళ్ళు పైకి ఎత్తేశాను. అక్క మెట్టెక్కింది. ఇంతకుముందు ఎక్కినప్పుడల్లా వెనక మంచం అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్న మనిషి, నేరుగా వెళ్ళి డ్రైవర్ పక్కన ముందు సీట్లో కూర్చుంది.

తడి చేతులతో వచ్చిన బావ అది చూసి ఆగిపోయారు. "తారా, అక్కడైతే రోడ్డంతా కనిపిస్తుంది..."

"కనిపించనివ్వండి. పోనివ్వండి ఇంటికి. శనివారం లోపు సర్దుకోవద్దూ?"

ఆవిడ చేతులు సీటు అంచును ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకు కనిపించింది. బావకు కనిపించలేదు. ఆయన నా చెవి దగ్గరకు వంగి, గెలిచినవాడి మొహంతో గుసగుసగా అన్నారు. "చూశావా మరదలా! చెప్పకపోవడం ఎంత మంచిదైందో! కొన్ని విషయాలు ఆడవాళ్ళ దగ్గర దాచే నేర్పుండాలి."

"మీ అంత నేర్పు ఎవరికుంటుంది బావగారూ" అన్నాను.

నిజమనుకున్నారు.