రాలిన బొమ్మల బొంత

నేను ఇంతకుముందు ఏమీ రాయలేదు. చదువు ఐదో తరగతితోనే ఆగింది. ఆ తర్వాత చేతికి కత్తెర వచ్చింది గానీ పెన్ను రాలేదు. నలుగురిలో నోరు విప్పడం కూడా నాకు చేతకాదు. కానీ మా మరిది మళ్లీ క్రేను ఎక్కిన సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టాలని మా పిల్ల పట్టుబట్టింది. మొదటినుంచీ చివరిదాకా చూసింది నువ్వే కదా పెద్దమ్మా అంది. అందుకని కూర్చున్నాను.

మా ఇంట్లో నలుగురం. మా ఆయన పోయాక నేను మా మరిది వాళ్లతోనే ఉంటున్నాను. మా తోడికోడలూ నేనూ ముందుగదిలో కుట్టుపని చేస్తాం. నేను కత్తిరిస్తాను, తను కుడుతుంది. నా కత్తెర తన మిషను కంటే ముందు పరిగెత్తకూడదు, అలాగని వెనకబడకూడదు. పరిగెత్తితే ముక్కలు గుట్టపడి మిషను కింద ఎక్కడో మాయమైపోతాయి. వెనకబడితే తను ఖాళీగా కూర్చుని నా చాదస్తాల గురించి మొదలుపెడుతుంది. కత్తిరించిన ముక్కలు కలగాపులగం కాకుండా తను వచ్చినవి వచ్చినట్టు వరసగా దారానికి గుచ్చి మేకుకి తగిలిస్తుంది. చొక్కాకి ఒక దారం, గౌనుకి ఒక దారం. ఇన్నేళ్లలో ఒకరి జేబు ఒకరికి కుట్టింది లేదు.

మా మరిది సరుకుల యార్డులో క్రేను నడిపేవాడు. ఇంటంత పెట్టెని గాల్లోకి లేపి, గుడ్డుని నేలమీద పెట్టినంత నెమ్మదిగా లారీ మీద దించేవాడు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. కళ్లు తెరిచే ఉంటాయి, చెయ్యి ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. రెప్పపాటు. మళ్లీ వచ్చేసి, మింగిన మాట దగ్గర్నుంచి చెప్పుకుపోతాడు. ఆగిన సంగతి తనకే తెలీదు. ఒకరోజు పెట్టె గాల్లో ఉండగా ఆగాడు. పెట్టె ఊగిపోయింది. కింద ఎవరూ లేకపోబట్టి సరిపోయింది.

ఆయన్ని కిందికి దించేశారు. గేటు దగ్గర లారీలకి చీటీలు రాసిచ్చే పనిలో వేశారు. డాక్టరు మందులిచ్చాడు, కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. యార్డు మేనేజరు మంచివాడే. కొంతకాలం చూసి మళ్లీ పరీక్ష పెడతానన్నాడు. ఇన్‌స్పెక్టరు క్యాబిన్‌లో పక్కనే కూర్చుంటాడు. పరీక్షలో ఒక్కసారి చెయ్యి ఆగిందా, ఇక జన్మంతా గేటే. ఆ మాట విన్నప్పట్నుంచీ మా మరిది పైకి చూడ్డం మానేశాడు. వీధిలో నడిచినా తన చెప్పులే చూసుకుంటూ నడిచేవాడు.

కంప్యూటరు సంగతి అప్పుడే మా పిల్ల ఎత్తింది. అందులో లారీ నడిపే ఆట ఉంటుందట. దాంతో నాన్న చెయ్యి ఆడుతూ ఉంటుంది, ఎక్కడ ఆగుతున్నాడో కూడా తెలుస్తుంది అంది. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి, తనూ నేనూ పాత సామాన్ల కొట్టుకి వెళ్లాం. దారిలో నాకు అర్థమయ్యేలా చెప్పింది. ప్రాసెసరు అంటే నువ్వనుకో పెద్దమ్మా, ఏది ఎక్కడుందో ఎటు కదిలిందో చూసుకుని ముక్కలు కత్తిరించి ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు అమ్మ. వాటిని కుట్టి, రంగులద్ది, బొమ్మ చేసి తెరమీదికి పంపుతుంది. మీ ఇద్దరిలాగే అవి రెండూ కూడా ఒకరి వేగం ఒకరు చూసుకోవాలి.

కొట్టాయన అల్మరాలో వెతికి వెతికి ఒక ప్రాసెసరు, ఒక కార్డు తీశాడు. రెండూ చవకవే, రెండూ ఒక ఈడువే, సర్దుకుపోతాయి అన్నాడు.

"కాకపోతే పెద్ద ఆటలు పెట్టినప్పుడు బొమ్మలు రాల్తాయి. ఓ చీపురు దగ్గర పెట్టుకోండి."

సరేనని పట్టుకొచ్చాం.

ఆయన చెప్పినట్టే రాలాయి. లారీ కొండ ఎక్కుతుంటేనో, ఊళ్లోకి దూరుతుంటేనో తెరమీద బొమ్మ ఒక్కసారి వెక్కిళ్లు పెట్టేది. అప్పుడు కంప్యూటరు పెట్టె వెనక ఫ్యాను సందుల్లోంచి, తెరమీదికి వెళ్లలేకపోయిన బొమ్మ చిన్న చప్పుడుతో నేలమీద పడేది. అరచెయ్యంత ముక్క, ఉల్లిపొరంత పలచన. ఒకదాంట్లో ఇంత ఆకాశం, ఇంకోదాంట్లో సగం తిరిగిన చక్రం, ఇంకోదాంట్లో కొమ్మ వదిలి ఇంకా కిందపడని ఆకు. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండేవి. గాలికి వాకిట్లోకి కూడా కొట్టుకుపోయేవి. పక్కింటావిడ ఒక దోసెడు తెచ్చి, మీ ఆకాశం మా మెట్లమీద పడిందండీ అని ఇచ్చి వెళ్లేది.

మా మరిది మొదట్లో రోజూ లారీని గుంటలోకి దింపేవాడు. తెర వెక్కిళ్లు పెట్టినప్పుడు కొన్నిసార్లు, తను ఆగినప్పుడు కొన్నిసార్లు. ఏది ఎవరి తప్పో తెలిసేది కాదు. ఈ ప్రాసెసరూ కార్డూ నాకు చుట్టాల్లా ఉన్నాయే, నాలాగే ఆగుతున్నాయి అని నవ్వేవాడు. చాలాకాలానికి ఆ నవ్వు విన్నాం.

ముక్కలు పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. గుడ్డముక్కే దాచుకునేదాన్ని, ఆకాశాన్ని ఎలా పారేస్తాను? బొంత కుట్టాను. కుట్టేవాళ్లెవరైనా చేసేదే చేశాను. రంగుకి రంగు కలిపాను. నీలాలన్నీ పైన, ఆకుపచ్చలన్నీ కింద, రోడ్డు బూడిదరంగంతా చుట్టూ అంచుగా వేశాను. చూడముచ్చటగా వచ్చింది. వెచ్చగా ఉందని మా మరిది మధ్యాహ్నం కప్పుకుని పడుకున్నాడు.

లేచాక మనిషి మరీ అన్యాయమైపోయాడు. టీ గ్లాసు పట్టుకుని కిటికీలోకి చూస్తూ ఆగిపోయాడు. రెప్పపాటు కాదు, టీ మీద మీగడ కట్టేదాకా. మా తోడికోడలు భుజం పట్టుకుని కుదిపితే వచ్చాడు. ఎక్కడికెళ్లావయ్యా అంటే, ఆకాశం తర్వాత ఆకాశం, ఆకాశం తర్వాత ఆకాశం, దారి తెలీలేదు అన్నాడు.

మా తోడికోడలు బొంత లాగి నా ఒళ్లో పడేసింది. కాసేపు దాన్నే చూసింది.

"అక్కా, చొక్కా ముక్కల్ని రంగుని బట్టి కుడతామా? చేతులన్నీ ఒకచోట, కాలర్లన్నీ ఒకచోట పెడతామా?"

ఆ బొమ్మలు ఒకదాని వెనక ఒకటి రావలసినవి. వాటి వరస వాటికుంది. అందం కోసం నేను దాన్ని చెడగొట్టాను.

మొత్తం విప్పేశాను. మర్నాటినుంచి మా మరిది ఆడుతుంటే మా తోడికోడలు పెట్టె వెనక పీటేసుకుని కూర్చుంది. పడ్డ ముక్కని పడ్డట్టే దారానికి గుచ్చింది. ఆ దారంలో ఉన్న వరసలోనే నేను కుట్టుకుంటూ పోయాను. నీలం పక్కన గోడ, గోడ పక్కన ఎవరిదో మోచెయ్యి, దాని పక్కన వాన. చూడ్డానికి పిచ్చిదానిలా ఉంది బొంత. కానీ చేత్తో రాస్తే కదులుతున్నట్టుండేది. ఏరు పక్కన నిలబడితే కాళ్లకి తెలుస్తుందే, అలాగ.

పాదాల దగ్గర మొదలుపెట్టి, కుట్టినంతమేర రోజూ ఆయనకి కప్పుతూ వచ్చాం. అది కాళ్లు కప్పిన రోజునుంచి మా మరిది నడకలో ఆగలేదు. నడుందాకా వచ్చాక కుర్చీలోంచి లేస్తూ ఆగలేదు. భుజాలు దాటాక చేతులు ఎక్కడా నిలబడిపోలేదు. అన్నం ముద్ద నోటిదాకా తిన్నగా వెళ్లేది. మా తోడికోడలు ఆయన తింటున్నంతసేపూ వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి ఆ చేతినే చూసేది. ఇక కళ్లు మిగిలాయి. చూపు ఇంకా అప్పుడప్పుడు తెగేది.

అదే సమయానికి ముక్కలు రాలడం ఆగిపోయింది.

మా పిల్ల చేసిన పని. పాపం, నాన్నకి ఆట సాఫీగా నడవాలని ఎన్నాళ్లుగానో తంటాలు పడుతోంది. నీడలు తగ్గించింది, గడ్డి పలచన చేసింది, రోడ్డుమీద బళ్లు తగ్గించింది. రెండింటిలో ఏదీ పరుగులు పెట్టకుండా సెకనుకి ఇన్ని బొమ్మలే అని ఒక హద్దు పెట్టింది. ఆ చవక జంట అంత పెద్ద ఆటని చుక్క తొణక్కుండా మోసుకుపోతుంటే మేమందరం నోరు తెరుచుకుని చూశాం. పిల్ల ముఖం వెలిగిపోతోంది. పెట్టె వెనక మా తోడికోడలు ఖాళీ దారం పట్టుకుని కూర్చుంది.

మర్నాడే పరీక్ష. బొంత గడ్డందాకా వచ్చి ఆగింది. ఇంకో బెత్తెడు పట్టీ కావాలి.

పిల్లతో ఆ మాట ఎవరు చెప్పాలి? తోడికోడలు నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. చివరికి నేనే వెళ్లి పిల్ల కుర్చీ వెనక నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక దాని జడ సరిచేశాను.

"నువ్వు కుదిర్చింది మళ్లీ చెడగొట్టాలమ్మా," అన్నాను.

పిల్ల వెనక్కి తిరగలేదు. ఎంత కష్టపడితే కుదిరిందో నీకు తెలుసా పెద్దమ్మా అంది. తెలుసన్నాను. బొంత తెచ్చి దాని ఒళ్లో పెట్టి, ఎక్కడిదాకా వచ్చిందో చూపించాను. అది అంచు పట్టుకుని వేళ్లతో చాలాసేపు తడిమింది. తర్వాత కళ్లు తుడుచుకుని తెరవైపు తిరిగింది.

హద్దు తీసేసింది. నీడలన్నీ పెంచింది. ఆటలో ఉన్న అన్నిటికంటే పెద్ద ఊరు పెట్టి, అందులో వాన పెట్టి, రోడ్డునిండా బళ్లు పెట్టింది. నాన్నని కూర్చోబెట్టింది.

ఏం చెప్పను. ముందు ఫ్యాను గట్టిగా తిరిగింది, తర్వాత ఊళపెట్టింది. తడిసిన రోడ్డులో ప్రతి దీపం తిరగబడి వెలుగుతోంది, ప్రతి చినుకులో ఇంకో దీపం ఉంది. అన్నీ గియ్యాలి. పెట్టెలోని ఆ ఇద్దరికీ, ప్రాసెసరుకీ కార్డుకీ, చేతకావడం లేదు. చేతకాకపోయినా ఎవరూ పని వదల్లేదు. తెరమీద బొమ్మ తడబడి, నిలబడి, మళ్లీ తడబడుతోంది. వెనకాల ముక్కలు చేటలోంచి జారినట్టు జారుతున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో వెలుగు. పట్టపగలు ఆ మూలంతా, మా తోడికోడలి ముఖమూ చేతులూ, ఎర్రగా పచ్చగా మెరిసిపోయాయి. తను రెండు చేతులా గుచ్చుతోంది. నేను అందుకుని కుడుతున్నాను. పిల్ల పెట్టెమీద అరచెయ్యి ఆనించి, వేడికి తీసి, మళ్లీ ఆనించి, ఇంకొంచెంసేపు ఓర్చుకోండి, ఇంకొంచెం అంటోంది. నాన్నతో కాదు, లోపలి ఇద్దరితో.

వాళ్లు మొయ్యలేనిదంతా మాకు ఇచ్చేశారు. నాకు అలాగే అనిపించింది. ఉన్నవాళ్ల యంత్రాల్లోంచి ఒక్క ముక్క కూడా రాలదట. అవి అన్నీ తామే మోసేసుకుంటాయి.

చివరి కుట్టు వేసి దారం తెంపాక పిల్ల ఆట ఆపింది. ఫ్యాను నెమ్మదించి, నిట్టూర్చినట్టు ఆగింది. ఏదీ కాలలేదు. మా మరిది బొంత తలదాకా లాక్కుని కాసేపు కునుకు తీశాడు. పలచని బొంత వెనక ఆయన మూసిన కళ్లు అటూ ఇటూ కదలడం చూశాం. చదువుతున్నవాళ్ల కళ్లు కదిలినట్టు.

మర్నాడు ఆయన యార్డుకి వెళ్లాడు. మేమిద్దరం ముందుగదిలో కూర్చున్నాం. నేను ఒక్క గుడ్డ కత్తిరించలేదు, తను మిషను తొక్కలేదు. ఒకరిమీద ఒకరం విసుక్కోలేదు కూడా, అంటే ఎంత భయపడ్డామో చూడండి.

సాయంత్రం వీధి మలుపులో కనపడ్డాడు. తలెత్తి నడుస్తున్నాడు. మిద్దెలూ తీగలూ మేడమీద ఆరేసిన బట్టలూ అన్నీ చూసుకుంటూ వస్తూ, మా మెట్టు తట్టుకుని పడబోయాడు. మా తోడికోడలు పట్టుకుంది. ఏమైందో తను అడగలేకపోయింది. నువ్వు అడుగు అన్నట్టు నన్ను మోచేత్తో పొడిచింది. నేనూ అడగలేకపోయాను.

చివరికి ఆయనే కూర్చుని చెప్పాడు. ఇన్‌స్పెక్టరు పొద్దున్నుంచీ పక్కనే కూర్చున్నాడట. బరువైన పెట్టెలన్నీ ఎత్తించాడట. మధ్యాహ్నానికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నేను దిగిపోతాను, నువ్వు కానివ్వు అన్నాడట. మా తోడికోడలు అక్కడే, మెట్టుమీదే కూలబడింది. ఆయన మాత్రం ఇంకేదో చెప్పాలన్నట్టు నావైపు తిరిగాడు.

"వదినా, క్యాబిన్ ముందునుంచి ఒక పక్షి వెళ్లింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాను. ఒక్క రెక్క విసురు కూడా తప్పిపోలేదు."

పిల్ల వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆయన పనికి వెళ్లాడు, పిల్ల కాలేజీకి వెళ్లింది, తోడికోడలు స్నానానికి వెళ్లింది. నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని, కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కాను. లారీ కదిలింది. గోడలకి రాసుకుంటూ, ఒక స్తంభాన్ని పడగొట్టి, మొత్తానికి కొండ ఎక్కించాను. పైన ఆపాను. కింద లోయ ఇంకా సగమే వచ్చింది. నేను చూస్తుండగా పెట్టెలోని వాళ్లిద్దరూ ముందు ఏరు తెచ్చారు, తర్వాత ఏటిమీద వంతెన, తర్వాత ఎండ. తొందరేం లేదు, నెమ్మదిగా కానివ్వండి అన్నాను. ఆటలో నా లారీ వెనక ఏదో బండి హారను కొట్టింది. పక్కనుంచి వెళ్లమన్నాను.