పేరు ముందు మాట

ముందుగది గోడ కొట్టి షట్టర్ పెట్టుకుంటానంటే అత్తగారు కాదనలేదు. "పెట్టుకో అమ్మా, ఎన్నాళ్లని ఆ వెనకగది చీకట్లో కళ్లు పొడుచుకుంటూ కుడతావు" అనే అంది. అందుకే ప్లానింగ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు కోడలు నమ్మలేకపోయింది. షట్టర్ అనుమతి మీద అభ్యంతరం వచ్చిందట, విచారణకు రావాలట. అభ్యంతరం పెట్టింది ఇరుగూ కాదు పొరుగూ కాదు, సాక్షాత్తూ అత్తగారే.

కుట్టుమిషన్ తొక్కి ఇద్దరి పొట్టలూ నింపేది కోడలే. వీధిలోకి కొత్త టైలరింగ్ షాపులు దిగాక, వంటగది దాటుకుని లోపలికొచ్చి కొలతలిచ్చే ఓపిక ఎవరికీ లేకపోయింది. వీధివైపు షాపు పడకపోతే ఇక మిషన్ మూలన పడేయాల్సిందే. అంతా తెలిసిన అత్తగారే నోట్లో మట్టి కొడుతుందా అని ఆమెకి ఒళ్లు మండింది.

ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. తన తప్పూ ఒకటి ఉంది మరి. ఇల్లు భర్త పేరు మీద ఉంది. పనికని వెళ్లిన ఆయన జాడ తెలియక తొమ్మిదేళ్లవుతోంది. యజమాని సంతకం లేకుండా కుదరదన్నారు ఆఫీసులో. సంతకం పెట్టే మనిషి లేడంటే, ఆ లేడన్నది కోర్టు చెప్పాలన్నారు. కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని అత్తగారికి అబద్ధం చెప్పి, కోర్టు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఆయన చనిపోయినట్టే లెక్క అని చివరికి ఆర్డరు వచ్చింది. కన్నతల్లికి ఆ ముక్క చెప్పడానికి మాత్రం ఆమెకి గుండె చాలలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ నెట్టుకొచ్చింది.

విచారణ రోజు ఆమె వెళ్లేసరికి అత్తగారు అప్పటికే ఆఫీసు బెంచీ మీద కూర్చుని ఉంది. కోడల్ని చూసి చేతిలో కాగితం గబుక్కున వెనక్కి పెట్టుకుంది.

"నువ్వెందుకొచ్చావే? నిన్నెవరు రమ్మన్నారు?"

ఈలోగా ఇద్దరికీ కలిపి పిలుపొచ్చింది. ఆఫీసరు ఫైలు తిరగేస్తూ, "వెలుతురు పోతుందనో, దారికి అడ్డమనో ఏదో ఒక కారణం చెప్పాలి పెద్దమ్మా. మీ అభ్యంతరం దేనిమీద?" అని అడిగాడు.

"షట్టర్ మీద నాకేం అభ్యంతరం బాబూ, అది మా పిల్ల కష్టం." అత్తగారు కోడలి వైపు చూసింది. దాచి లాభం లేదనుకుందో ఏమో, కాగితం బల్ల మీద పెట్టింది. "షట్టర్ మీద అభ్యంతరాలుంటే చెప్పమని మీవాళ్లు మా గేటుకి ఈ నోటీసు అంటించారు. మా అబ్బాయి పేరు ముందు కీర్తిశేషులు అని వేశారు. ఎవరో పొరపాటు పడ్డారు. వాడొస్తాడన్న ఆశతోనే ఈ పిల్ల బతుకుతోంది, ఇది చూస్తే కుప్పకూలిపోతుంది. అందుకే దాని కంట పడకముందే పీకి తెచ్చాను. ఆ ఒక్క మాటా తీసేసి ఇంకోటి అంటించండి."

ఆఫీసరు చదవడం ఆపేసి కోడలి ముఖంలోకి చూశాడు. అవును, పొరపాటేనని తలూపితే చాలు. షాపు పోతుంది, అత్తగారి కొడుకు మిగులుతాడు. ఆమె తల ఊపాలనే అనుకుంది.

"పొరపాటు కాదత్తయ్యా. నేనే రాయించాను."

అత్తగారు బల్ల మీది కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"వాడు లేడని నీకు ఎప్పటినుంచి అనిపిస్తోంది?" అంది.

"చాలా ఏళ్లయింది. మీరు తట్టుకోలేరని చెప్పలేదు."

"నాకు రెండో ఏడే తెలిసిపోయిందే పిచ్చిదానా. పండక్కీ పబ్బానికీ కూడా ఒక్క కబురు పంపకుండా ఉండే పిల్లాడు కాదు వాడు. నీ ముందు ఏడవకూడదని ఊరుకున్నా." ఆవిడ ఆఫీసరు వైపు తిరిగింది. "నా అభ్యంతరం తీసేసుకుంటున్నా బాబూ. ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఆయన చూపించిన చోట ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టింది. బయట మెట్ల దాకా మామూలుగానే నడిచింది. అక్కడ ఆగి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇంటికెళ్లిపోదాం అత్తయ్యా, అందరూ చూస్తున్నారు" అంది కోడలు.

"చూడనీ. ఇంకెన్నాళ్లని ఆపుకుంటాం?"

ఆవిడ మెట్టు మీద కూలబడింది. కోడలు పక్కనే కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. వచ్చేపోయే జనం తప్పుకుని దారి చేసుకుంటుండగా, ఇద్దరూ మొదటిసారి ఆయన కోసం కలిసి ఏడ్చారు.