దొర పోలిక

గడియారాల తాత చెప్పే లెక్కన, దొర అనే ఆ వేటకుక్క పరుగు తీస్తే దాని నీడ వెనకబడిపోయి, పొద్దుగూకాక రొప్పుకుంటూ ఇల్లు చేరేది. ఇందులో సగం కోతలే అనుకున్నా, మిగతా సగానికే వీధంతా నోరు వెళ్ళబెట్టేది. దొర పోయి ముప్ఫయ్యేళ్ళయింది. ఎడమ చెవి మీద తెల్లమచ్చ, పిలవగానే తల వాల్చి చూసే ఆ చూపు మాత్రం తాత కళ్ళలోంచి పోలేదు.

ఆయన పోనిస్తేగా! ఆ మొహం మళ్ళీ చూడాలని దొర కూతురికి దొర కొడుకుతోనే జత కట్టించాడు. పుట్టినవాటిలో పోలిక ఉన్నవి ఉంచుకుని, మళ్ళీ వాటిలో వాటికే సంబంధం కలిపాడు. ముక్కు కుదిరితే చెవి కుదరదు. చెవి కుదిరితే చూపు కుదరదు.

"నేను పోతే నా పోలిక కోసం ఇలా వెతుకుతారా?" అనేది భార్య.

"నువ్వూ తోక ఊపు, ఆలోచిస్తా" అనేవాడు.

పోయిన కాన్పులో మూడు పిల్లలు వారం తిరక్కుండా పోయాయి. అయినా ఈసారి చిట్టి అనే ఆడకుక్కకి దాని సొంత అన్న బుల్లోడినే చూశాడు తాత. బుల్లోడి చెవి మీద మచ్చ ఉంది మరి.

సంగతి తెలిసి, పశువుల డాక్టరైన మేనకోడలు ఒక కాగితం పట్టుకొచ్చింది.

"మామయ్యా, పుట్టబోయే పిల్లల ముత్తాతల పైతరానికి పదహారు గళ్ళు గీశాను. పదహారు పేర్లుండాలి. నాలుగే ఉన్నాయి. ఆ నాలుగూ దొర వంశమే."

"పెళ్ళికి తెలిసినవాళ్ళనే పిలిచాను. తప్పా?"

"రక్తంలో దాగిన లోపం రెండువైపులా ఒకటే అయితే పిల్లల్లో బయటపడుతుంది. బయటి సంబంధమైతే ఒకరి లోపాన్ని ఇంకొకరు కాస్తారు." స్టెతస్కోపు ఆయన చెవులకి తగిలించి, రెండో కొసని బుల్లోడి ఛాతీకి ఆనించింది. "నువ్వే విను."

నలభయ్యేళ్ళుగా గడియారాలు బాగుచేస్తూ వాటి చప్పుడు విన్న చెవులవి. దెబ్బకీ దెబ్బకీ మధ్య సన్నటి ఈల వినబడింది. తాత ముఖం వాడిపోయింది.

"గడియారమైతే విప్పి చూసేవాణ్ణి."

"ఇది పుట్టకముందే చూసుకోవాలి మామయ్యా."

దర్జీ ఇంట్లో అదే జాతి మగకుక్క ఉంది. చుట్టరికం లేదు, గుండె గట్టిది. కానీ చెవులు రెండూ గోధుమరంగు, చూపేమో పోలీసు చూపు.

"దీనికి పుడితే దొర మొహం ఇక రాదు" అన్నాడు తాత.

"రాకపోవచ్చు."

అరుగు దిగి చెప్పులేసుకున్నాడు. తనే వెళ్ళి దర్జీని అడిగాడు.

రెండు నెలలకి అయిదు పిల్లలు పుట్టాయి. కళ్ళు తెరిచాక తాత ఒక్కొక్కదాన్నీ ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. "దొరా" అని పిలిచాడు. అన్నీ తల్లి కడుపు కిందకి దూరాయి.

"అన్ని గుండెలూ శుభ్రంగా ఉన్నాయి మామయ్యా!"

"ఊఁ. అమ్మాయ్, పెద్దయ్యాక వీటిలో ఒకదాన్ని మన బుల్లోడికి..."

"మామయ్యా!"

"అడిగానంతే."

ఆమె వెళ్ళాక భార్యని పిలిచాడు. "పాలు మరిచాక అయిదింటినీ అయిదు ఇళ్ళకి ఇచ్చేద్దాం. దూరపు ఇళ్ళు చూడు."

"ఒక్కటైనా ఉంచుకోరా?"

"వద్దు. నా బుద్ధి నాకు తెలుసు."