ఏడో గదిలో గడియారం

ఆ ముసలాయన మూడోసారి టికెట్ కొనడం చూడగానే దెయ్యాలమ్మకి గుబులు పట్టుకుంది. ఒకసారి వస్తే సరదాకి వచ్చాడనుకోవచ్చు, రెండోసారి వస్తే మతిమరుపనుకోవచ్చు. అవే కథలు వినడానికి నెలలో మూడుసార్లు వచ్చే మనిషి ఏదో ఒకటి పట్టుకోవడానికే వస్తాడు.

దెయ్యాలమ్మ అన్నది పాతపేట వాళ్ళు ఆవిడకి తగిలించిన పేరు. దక్షిణాది ఉక్కపోతలో రోజూ సాయంత్రం నాలుగింటికి జనాన్ని వెంటేసుకుని పాడుబడ్డ ఆసుపత్రి, మూతబడ్డ నాటకశాల, చివరికి పాత జైలు చూపించి, ఎక్కడ ఎవరు దెయ్యమై తిరుగుతున్నారో చెప్పడం ఆవిడ ఉద్యోగం. వ్యాను నడిపేది మొగుడు. ఆసుపత్రి దెయ్యం, నాటకశాల దెయ్యం ఆవిడ పుట్టకముందునుంచీ ఊళ్ళో ఉన్నవే. జైల్లో ఏడో గది దెయ్యం మాత్రం అచ్చంగా ఆవిడ సొంతం.

ఆ గది గోడ మీద ఎవరో మేకుతో గీసిన గడియారం బొమ్మ ఉంది. పన్నెండు అంకెలూ ఉన్నాయి, ముళ్ళు లేవు. దాని కింద వరసగా పదకొండు గీతలు. పాత రిజిస్టరు తిరగేస్తే ఏడో గదికి ఎదురుగా ‘వాచీల రిపేరు, గంటస్తంభం వీధి’ అన్నంత వరకే దొరికింది. నేరం రాసిన గడిని చెదలు తినేశాయి. చెదలు తిన్నంత మేరా దెయ్యాలమ్మే పూడ్చింది. వాచీలు బాగుచేసేవాడు పెళ్ళాన్ని గొంతు నులిమి చంపాడనీ, ఉరితీతకి మిగిలిన పదకొండు రోజులకీ రోజుకో గీత గీశాడనీ, ఉరి తీసిన పొద్దున గోడ మీది ముళ్ళు మాయమయ్యాయనీ, ఇప్పటికీ గోడలోంచి గడియారం చప్పుడు వస్తుందనీ అల్లింది. ఆ చప్పుడు కూడా వచ్చేది. పక్క గది వెంటిలేటర్లో రేకు డబ్బా, డబ్బాలో అలారం గడియారం పెట్టి, దానికి కీ ఇచ్చి రావడం మొగుడి పని. అంతకుముందు రెండు చోట్లా ఆవులించినవాళ్ళు కూడా ఏడో గదిలో పక్కవాళ్ళ చేతులు పట్టుకునేవారు. ఊరవతలనుంచి జనం వచ్చేది దానికోసమే.

ఇప్పుడా ముసలాయన జైలు చూపించడానికి అనుమతిచ్చే పై ఆఫీసువాడైతే? డబ్బా బయటపడితే జైల్లో అడుగు పెట్టనివ్వరు. ఏడో గది లేకపోతే వ్యాను ఎక్కేదెవరు? ఆసుపత్రి దగ్గర దెయ్యాలమ్మ నర్సు కథ చెబుతూ రెండుసార్లు తడబడింది. నాటకశాలలో నిలబడలేక కాలుగాలిన పిల్లిలా మెట్ల మీద ఎక్కుతూ దిగుతూనే చెప్పింది. ముసలాయన మాత్రం గుడ్డసంచి చంకలో పెట్టుకుని వెనక వరసలో ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డాడు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే ఆయన గోడల వంక కూడా చూడలేదు.

‘‘ఏవండీ, ఆ సంచి మనిషి మళ్ళీ వచ్చాడు. ఇవాళ్టికి గడియారం మానేద్దామా?’’ అంది మొగుడితో, జైలు గేటు దగ్గర.

‘‘మానేస్తే ఆ టిక్కుటిక్కు ఏదని జనం అడగరూ? ఆయనెవరో ఏమీ తోచక తిరుగుతున్నాడే. నువ్వు ఊరికే నీరుగారిపోకు’’ అన్నాడాయన.

ఏడో గదిలో కథ ఎప్పటిలాగే పండింది. ‘పెళ్ళాం గొంతు మీద చేతులు వేసి...’ అన్నప్పుడు మాత్రం ముసలాయన ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. దెయ్యాలమ్మ అది చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది.

జైలు బయట చివరి తంతు ఒకటి ఉంటుంది. అందరినీ గోడవారన నిలబెట్టి దెయ్యాలమ్మ తలలు లెక్కపెడుతుంది, చివర్లో చల్లగా తనని కూడా కలిపేసుకుంటుంది. పద్దెనిమిదిమంది వస్తే పంతొమ్మిది తేలుతుంది. ‘‘మరి ఆ పంతొమ్మిదో వారెవరు?’’ అని గొంతు తగ్గించి అడిగితే కెవ్వుమంటారు, తర్వాత చప్పట్లు కొడతారు. ఆ రోజు కూడా వేలు చూపిస్తూ, తనని కలుపుకుంటూ లెక్కపెట్టింది. పద్దెనిమిదే వచ్చింది.

మళ్ళీ లెక్కపెట్టింది. పద్దెనిమిదే.

‘‘ఇవాళ దెయ్యం సెలవు పెట్టిందా ఆంటీ?’’ అంది ముందు వరసలో ఉన్న కాలేజీ పిల్ల. అందరూ నవ్వారు.

‘‘నవ్వకండమ్మా, నిజంగానే ఒకరు తక్కువయ్యారు’’ అంది దెయ్యాలమ్మ. ఇంకా నవ్వారు. ఇది కొత్త రకంగా ఉందని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. పదేళ్ళుగా దొంగలెక్క చెప్పిన నోటితో నిజం లెక్క చెబితే నమ్మేదెవరు? అప్పుడే మొగుడు జైల్లోంచి గబగబా వచ్చి చెవిలో ఊదాడు.

‘‘డబ్బా ఖాళీగా ఉందే. గడియారం లేదు.’’

తాము పుట్టించిన దెయ్యానికి తామే జడుసుకున్నారని తర్వాత ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నా, ఆ నిమిషంలో ఇద్దరికీ ముచ్చెమటలు పోసిన మాట నిజం. అవతల వాచ్‌మన్ తాళాల గుత్తి ఆడిస్తున్నాడు.

‘‘ఆరైంది మేడం, మూసేస్తున్నా. మళ్ళీ తీసేది రేపే.’’

‘‘లోపల మనిషి ఉన్నాడు, ఆగు!’’ అని అరిచి, దెయ్యాలమ్మ వరండా వెంట పరుగెత్తింది.

ఏడో గదిలో, కిటికీ కింద పడే కాస్త వెలుతురులో, ముసలాయన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక కంటికి వాచీలవాళ్ళు పెట్టుకునే నల్లటి భూతద్దం. ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు మీద వీపు విప్పేసిన అలారం గడియారం.

‘‘తొందరపెట్టకు తల్లీ, ఒక్క మర మిగిలింది’’ అన్నాడు తలెత్తకుండా. ‘‘మొదటిసారి వచ్చినప్పుడే విన్నాను, ఇది నత్తిగా కొట్టుకుంటోంది. మూడు వారాలుగా నా ప్రాణం ఊరుకోలేదు. చెడిన గడియారాన్ని వినీ వదిలేసి పోవడం మా ఇంటావంటా లేదు.’’

దెయ్యాలమ్మ గడప మీదే చతికిలబడింది. భయం పోయి కోపం వచ్చింది. ‘‘మీరెవరు బాబాయిగారూ? ఆఫీసువాళ్ళు పంపారా? చెప్పేదేదో నా మొహం మీదే చెప్పండి.’’

‘‘గంటస్తంభం వీధి’’ అన్నాడాయన. ‘‘వాచీల రిపేరు.’’

దెయ్యాలమ్మ పాత రిజిస్టరులో చదివిన మాటలే అవి.

ముసలాయన భూతద్దం తీసి గోడ వైపు చూపించాడు. ‘‘ఆ బొమ్మ మా నాన్నది. లోపల పొద్దు కదలదు కదా, అందుకే ముళ్ళు పెట్టలేదురా అని నవ్వుతూ చెప్పేవాడు. ఎవడో దొంగ వాచీ అమ్మితే తెలియక కొన్నాడు. దానికి పదకొండు నెలలు పడింది. బయటికొచ్చాక ముప్ఫై ఏళ్ళు బతికాడు. మా ఇంట్లో, మా అమ్మ చేతి అన్నం తిని పోయాడు.’’

‘‘మీ అమ్మగారు...’’

‘‘నువ్వు చంపించేశావే, ఆవిడే.’’ ఆయన గుడ్డసంచిలోంచి దారం కట్టిన కాగితాల కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. పసుపెక్కిన ఉత్తరాలు. అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉన్నాయి. అప్పుడప్పుడే రాయడం నేర్చుకున్న చెయ్యి. ‘‘నెలకి ఒక్క ఉత్తరమే రానిచ్చేవారట. వచ్చినప్పుడల్లా ఒక గీత.’’

దెయ్యాలమ్మ ఉత్తరాలు లెక్కపెట్టింది. లేచి గోడ దగ్గరికి వెళ్ళి గీతల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. పదేళ్ళుగా రోజూ ఆ గీతల్ని టార్చి వేసి చూపిస్తోంది, ఒక్కనాడూ వాటిని ముట్టుకోలేదు. తల కొట్టేసినట్టయింది.

‘‘మొదటిరోజే నన్ను నిలదీయాల్సింది కదండీ’’ అంది చివరికి.

‘‘తిట్టాలనే వచ్చాను. నీ చుట్టూ ఎప్పుడూ జనమే. వాళ్ళ ముందు ఆడపిల్లని నిలదీయడానికి నోరు రాలేదు. రెండుసార్లూ ఇంటికెళ్ళి నన్ను నేనే తిట్టుకున్నాను.’’ గడియారం వీపు బిగిస్తూ ఆగాడు. ‘‘పోయిన నెల బడిపిల్లల్ని తీసుకొచ్చావు చూడు, అందులో మా మనవరాలుంది. ఆ రోజు నుంచీ మా నాన్న ఫోటో ఉన్న గదిలో పడుకోనంటోంది. ఉత్తరాలు చూపించాను. తాతలు అలాగే కప్పిపుచ్చుతారంది. నేను చెబితే నమ్మదమ్మా. నీ నోటితో విన్నది, నీ నోటితోనే పోవాలి.’’

బయటికి వచ్చేసరికి జనం అలాగే ఉన్నారు. ముసలాయన చేతిలో గడియారం చూసి కాలేజీ పిల్ల చప్పట్లు కొట్టబోయి, దెయ్యాలమ్మ మొహం చూసి మానేసింది.

‘‘ఏడో గది కథ అబద్ధం. నేనే కట్టాను. అక్కడ ఉన్న మనిషి ఎవరినీ చంపలేదు. ఇదిగో, వీరి నాన్నగారు’’ అంది దెయ్యాలమ్మ అందరికీ వినబడేలా. ఎవరూ కదల్లేదు. మొగుడు వ్యాను తలుపు పట్టుకుని నేల చూపులు చూశాడు. రేపటినుంచి ఏం చూపిస్తామన్న దిగులు ఆయన మొహాన కనబడుతూనే ఉంది. ఆవిడకీ అదే దిగులు. అయినా చెయ్యి చాపి, ముసలాయన మనవరాలికి కలిపిన ఫోను తీసుకుంది.

అవతల పిల్ల ‘‘తాతయ్యా, ఎక్కడున్నావు?’’ అంది.

‘‘తాతయ్య కాదమ్మా, దెయ్యాలమ్మని. పాత జైలు దగ్గర్నుంచి. ఆ రోజు నీకు చెప్పింది నా కల్పన. మీ ముత్తాత మంచివాడు. తప్పు నాది.’’

‘‘మరి గోడలో టిక్కుటిక్కుమంది కదా? నేను విన్నాను.’’

‘‘అది మా ఆయన అలారం గడియారం. నత్తిగా కొట్టుకునేది. మీ తాతయ్య ఇప్పుడే బాగుచేశారు.’’

‘‘మరి తాతమ్మ రాసిందంటున్న ఉత్తరాలు నిజమేనా?’’

దెయ్యాలమ్మ చేతిలో ఉత్తరాల కట్ట ఇంకా అలాగే ఉంది. గోడవారన పద్దెనిమిదిమందీ చెవులు రిక్కించి నిలబడ్డారు.

‘‘నిజమేనమ్మా. గోడ మీద గీతలు పదకొండు, ఉత్తరాలు పదకొండు. నేనే లెక్కపెట్టాను, సరిపోయింది’’ అంది.