షెడ్డు వెనక తలుపు

మంట పెద్దదేమీ కాదు. మరమగ్గాల షెడ్డులో నూలు దుమ్ము మీద నిప్పురవ్వ పడి, మూడో వరసలో ఒక మగ్గం కింద గుప్పుమంది. రెండు బకెట్ల నీళ్ళు పోస్తే ఆరిపోయింది. అయితే నీళ్ళకంటే ముందు పొగ వచ్చింది. పొగ చూసి వెనక వరసల ఆడవాళ్ళంతా వెనక తలుపు వైపు పరిగెత్తారు. ఆ తలుపుకి ఎప్పుడూ తాళం ఉంటుందని అందరికీ తెలుసు. ఊపిరాడనప్పుడు ఎవరికి గుర్తుంటుంది? గుడ్డముక్కలు దాచుకుని జారుకుంటారని మేనేజరు వేయించిన తాళం అది. మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టి, తాళంచెవి వెతుక్కుని వచ్చేసరికి, అందరికన్నా ముందు పరిగెత్తిన మనిషి తలుపుకీ జనానికీ మధ్య నలిగి నిలబడే ప్రాణం వదిలింది. ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటి లేదు.

ఆమె వదినకి తోటికోడలు.

ఈ వదినని షెడ్డులో రెండు వందల మందీ వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆమె ఒక్కడికే వదిన. మగ్గాలకి నూనె పోసే మరిది రోజుకి వందసార్లు పిలవగా పిలవగా ఆ మాట అందరి నోటా పడింది. ఆమెకన్నా పాతికేళ్ళు పెద్దవాడైన ముసలి నేతగాడూ వదినే అంటాడు. ఒకసారి మేనేజరు కూడా హాజరుపట్టీ చూస్తూ అలాగే పిలిచి నాలుక కరుచుకున్నాడు. పేరుకి తగ్గ పెద్దరికం మాత్రం ఆమెకి లేదు. మహా పిరికిది. పోస్టుమాను తలుపు తట్టినా ఆమె గుండెలో ఒక పోగు తెగేది.

మగ్గాలు నడుస్తుంటే ఆ షెడ్డులో పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకని అక్కడి జనం పెదాలతో మాట్లాడుకుంటారు. గొంతు అక్కర్లేదు, పెదవులు కదిపితే ఎదుటివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. ఒకావిడ ఈ చివర్నుంచి ఆ చివర ఉన్న ఇంకొకావిడతో, నలభై మగ్గాల మీదుగా కూతురికి సంబంధం ఖాయం చేసుకుంది. భోజనాల గంటకి ఆ ఇద్దరూ వియ్యపురాళ్ళు, సాయంత్రం గంటకి ఆజన్మ శత్రువులు. ఇంకొకాయన మేస్త్రీ మొహంలోకి చూసి చిరునవ్వు నవ్వుతూ పద్దెనిమిదేళ్ళు అతని వంశాన్నంతా తిట్టిపోశాడు. ఆయన పని మానేసిన రోజున, ఇంత మర్యాదస్తుణ్ణి చూడలేదని మేస్త్రీ కళ్ళు తుడుచుకున్నాడు. తెల్లచొక్కా వాడెవడికీ ఆ భాష రాదు. షెడ్డు జనానికి ఉన్న ధైర్యమంతా అదే.

చావు జరిగిన నాలుగో రోజున కార్మిక మంత్రి పరామర్శకి వచ్చాడు. ఈ మంత్రి పై నుంచి ఊడిపడ్డవాడు కాదు. పదిహేడో నంబరు మగ్గం మీద ఇరవై రెండేళ్ళు నేసిన మనిషి, వాళ్ళందరికీ అన్న. పాత సమ్మెలో లాఠీ తగిలి చెవి తెగినప్పుడు వదినే తన కొంగు చింపి కట్టు కట్టింది. ఎన్నికల్లో షెడ్డు షెడ్డంతా చెప్పులరిగేలా అతని కోసం తిరిగింది. గెలిచిన మర్నాడే వెనక తలుపు తాళం తీయిస్తానన్నాడు. ఆ మర్నాడు మూడేళ్ళయినా రాలేదు. జనం మూడు అర్జీలు పంపితే, తమ వినతి పరిశీలనలో ఉందని మూడుసార్లూ ఒకే ఉత్తరం వచ్చింది. మూడోసారి తేదీ కూడా మార్చలేదు.

అతను వచ్చినప్పుడు మగ్గాలు ఆపకూడదని మేనేజరు ఉత్తర్వు వేశాడు. ఆపితే జనం మాట మంత్రికి వినపడుతుంది గదా. ముందూ వెనకా పోలీసులతో అన్న వరసల మధ్య నడిచాడు. వెనక తలుపు దగ్గర నిలబడి తల వంచుకున్నాడు. ఇప్పుడు తీయిస్తాడు, ఇప్పుడు తీయిస్తాడు అని రెండు వందల మంది ఊపిరి బిగబట్టి చూశారు. అన్న తాళాన్ని చూశాడు, మేనేజరు చెవిలో ఏదో అన్నాడు, ఇద్దరూ వెనక్కి తిరిగారు.

ఆ చివర నూనెడబ్బా పట్టుకున్న మరిది పెదాలు కదిపాడు.

"చాలు వదినా. రేపు ఎనిమిదింటికి పెద్ద స్విచ్చి నేను లాగేస్తా. షెడ్డంతా ఒక్కసారే ఆగిపోద్ది. అందరికీ చెప్పు."

పెళ్ళాం పోయి నాలుగు రోజులు కానివాడికి వద్దని ఎలా చెబుతుంది? వదిన పక్క మగ్గానికి చెప్పింది, ఆ మగ్గం అవతలి మగ్గానికి చెప్పింది. మాట వరస వెంబడి పాకిపోతోంది. అప్పుడు చూసింది వదిన. అన్న నడక ఆగింది. మేనేజరు ఏదో చెబుతున్నాడు గానీ అన్న వినడం లేదు. అతని కళ్ళు ఒక నోటి మీంచి ఇంకో నోటి మీదికి, మాట వచ్చిన దారినే వెనక్కి, నూనెడబ్బా దాకా పోతున్నాయి. చివరికి వచ్చి ఆమె మొహం మీద ఆగాయి. అన్న పెదాలు మెల్లిగా కదిలాయి.

"తప్పు వదినా. వద్దు."

ఇరవై రెండేళ్ళు ఆ భాషలోనే బతికిన మనిషి ముందు, ఆ భాషలోనే రహస్యం చెప్పుకున్నారు వాళ్ళు. తెల్లచొక్కాని చూశారు గానీ, వాళ్ళ కళ్ళకి అతను ఇంకా పదిహేడో నంబరు మగ్గమే, దాచుకోవాల్సిన మనిషి కాదు. ఆ రెండు మాటలూ వదినకి మందలింపులా వినపడ్డాయి, ఇంటివాడు ఇంటిమనిషిని మందలించినట్టు. మనవాడే గదా అనుకుని మరిదికి చెప్పకుండా ఊరుకుంది.

సాయంత్రం గంట కొట్టాక గేటు దగ్గర పోలీసులు ఎవరి పేరూ అడగలేదు. నూనెడబ్బా వాడెవడని మాత్రం అడిగారు. చొక్కా పట్టుకుని వ్యాను ఎక్కిస్తుంటే మరిది వెనక్కి తిరిగి చూశాడు. వదిన గుంపులో తల దించుకుంది.

ఆ సాయంత్రమే వదిన ఒంటిగదిలో పధ్నాలుగు మంది చేరారు. తలుపేసుకుని, అలవాటు కొద్దీ పెదాలతో మొదలెట్టారు. కిటికీ రెక్క సందులోంచి ఎవరైనా చూస్తే అని ఒకామె వణికింది. ఇక గొంతుతోనే మాట్లాడమన్నాడు ముసలి నేతగాడు. తీరా మాట్లాడితే, మగ్గాల దగ్గర చెవులు పాడైన జనం గదా, గుసగుస అనుకుని అన్నది మూడిళ్ళ అవతలికి వినపడింది. పక్కింటామె ఏమీ అడగకుండా కుళాయి దగ్గర కూచుని ఇత్తడి బిందెలు తోమడం మొదలెట్టింది. తోమిన బిందెనే మళ్ళీ తోమింది.

నూలు కండెలు అందించే పిల్ల ముందు మనసులో మాట కక్కేసింది. "ఇంకెందుకు ఇదంతా? వాణ్ణి మనమే భుజాలెక్కించుకున్నాం. ఇప్పుడు మన మెడ మీద కూచున్నాడు. ఇంకొకణ్ణి ఎక్కిస్తే వాడూ అంతే. మానేద్దాం. బతికుంటే అదే చాలు."

చాలామంది తలలూపారు. ముసలి నేతగాడు మాత్రం ఊపలేదు.

"వాడు మోసం చేశాడు, నిజమే. మరి మనమేం చేశాం? వాణ్ణి పైకి పంపి ఇళ్ళకొచ్చి పడుకున్నాం. మేస్త్రీ తాళం రోజూ రెండు పూటలా వేస్తున్నాడు. మనం ఏడాదికోసారి అడిగాం."

చివరికి తేలినదేమంటే, పెద్ద స్విచ్చి దగ్గర పోలీసులుంటారు. పెదాలు కదిపితే చదివేవాళ్ళుంటారు, అన్నతో మగ్గాలు నడిపిన పాత కార్మిక సంఘం వాళ్ళు ఇప్పుడు మేనేజరు ఆఫీసు కిటికీ దగ్గరే కుర్చీలేసుకున్నారు మరి. కాబట్టి ఒకళ్ళు చెప్పేదీ లేదు, సైగ చేసేదీ లేదు. ఎనిమిదింటికి ఎవరి మగ్గం వాళ్ళే ఆపాలి. అక్కడ లేనివాళ్ళకి ఇళ్ళకి వెళ్ళి, పెదాలతో కాదు, నోటితో చెప్పాలి.

"మరి పక్కవాళ్ళు ఆపకపోతే?" అని అడిగింది వదిన.

"నువ్వొక్కదానివే ఆపినట్టు," అన్నాడు ముసలాయన.

పొద్దున్న స్విచ్చి దగ్గర నలుగురు పోలీసులు, వాళ్ళ అధికారి. వదిన గోడ గడియారం వైపు చూడకూడదనుకుంది, చూసింది. పక్కవాళ్ళ వైపు చూడకూడదనుకుంది, నిజంగానే చూడలేదు. ఎనిమిదయింది. చెయ్యి తనది కానట్టు పిడి మీద పడింది. మగ్గం ఆగింది.

ఆగితే ఏమైంది? ఏమీ కాలేదు. అన్ని మగ్గాల్లో ఒకటి ఆగితే రొదలో తేడా ఏం తెలుస్తుంది? మేస్త్రీ మాత్రం చూశాడు. వరస మొదట్నుంచి నడిచి వస్తున్నాడు. మళ్ళీ నడిపేద్దామా, పోగు తెగిందని చెబుదామా? చెయ్యి పిడి వైపు పోయింది కూడా. అప్పుడు తేడా ఆమె చెవులకి కాదు, అరికాళ్ళకి తెలిసింది. నేల అదురు తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. మేస్త్రీ ఆమెని వదిలేసి వెనక్కి తిరిగాడు, పక్కకి తిరిగాడు, ఎటు పోవాలో తెలియక గిర్రున తిరిగాడు. చివరి మగ్గం కూడా ఆగిపోయింది.

జనంతో నిండి ఉండగా ఆ షెడ్డు నిశ్శబ్దంగా ఉండటం ఎవరూ ఎరగరు. ఎక్కడో కుళాయి కారుతోంది. ఎవరో దగ్గారు. మేస్త్రీ అలవాటు కొద్దీ గొంతు చించుకుని అరిచి, తన అరుపుకి తనే జడుసుకున్నాడు.

"ఎవరు మొదలెట్టింది?" అన్నాడు పోలీసు అధికారి.

వదిన మెల్లిగా చెప్పాలనుకుంది. కానీ మెల్లిగా మాట్లాడటం ఆ షెడ్డులో ఎవరికొచ్చు?

"తలుపు తియ్యండి."

రేకుల కప్పు మీద పావురాలు లేచిపోయాయి. ఇద్దరు ఆడ పోలీసులు ఆమె చెరో రెక్కా పట్టుకున్నారు. ముందు గేటు వైపు నడిపించబోతే దారి లేదు. ఆ దారంతా ఆడవాళ్ళు, మగవాళ్ళు నేల మీద చతికిలబడ్డారు. ఒకణ్ణి లేపితే ఇద్దరు కూచుంటున్నారు. అధికారి మొహం ఎర్రబడింది. ఇంకో దారి లేదా అని మేనేజర్ని అడిగాడు. మేనేజరు బూట్ల వైపు చూసుకున్నాడు.

వదిన నోరు ఊరుకోలేదు.

"ఉందండీ. తాళం వేసి ఉంది."

తీయమని అధికారి మేస్త్రీ మీద విరుచుకుపడ్డాడు. మేస్త్రీ తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకున్నాడు. మూడోసారికి తాళం ఊడింది. తోటికోడలు చనిపోయిన చోటికి ఎండ వచ్చి పడింది. ఆ ఎండలోంచే వదినని బయటికి లాక్కెళ్ళారు.

వ్యానులో కూచున్నాక ఆమెకి వణుకు మొదలైంది. స్టేషనులో మరిది ఉంటాడు. అన్న చూసేశాడని నిన్న నోరు విప్పి చెప్పనందుకు అతని ముందు తల ఎత్తలేదు, అయినా చెప్పాలి. పక్కన కూచున్న ఆడ పోలీసు ఆమె చేతుల వంక చూసి, ఇంత భయపడేదానివి నీకెందుకమ్మా ఇవన్నీ అంది.

"మా తోటికోడలికి భయం లేదమ్మా," అంది వదిన. "అందుకే అందరికన్నా ముందు పరిగెత్తింది."

వ్యాను జాలీలోంచి వెనక తలుపు కనపడుతోంది. మేస్త్రీ రెక్క మూయబోతున్నాడు. కండెల పిల్ల ముక్కాలిపీట తెచ్చి గడపలో వేసుకుని కూచుంది. లేవమని మేస్త్రీ బతిమాలాడు, బెదిరించాడు. పోలీసు ఒకడు లాఠీతో పీట కాలు మీద కొట్టాడు. పిల్ల చెవులు మూసుకుంది గానీ లేవలేదు. కాసేపటికి ఆ పిల్ల లేచింది, ఆమె లేచేలోపలే ఇంకొకామె కూచుంది. ఆమె వెనక ఇంకో మనిషి, ఆ మనిషి వెనక ఇంకో మనిషి, వరస షెడ్డు లోపలి చీకట్లోకి పోయింది. వ్యాను కదిలి పక్క కిటికీల ముందు నుంచి వెళుతుంటే వదినకి వరస కొస కనపడింది. ముసలి నేతగాడు చేతులు కట్టుకుని ఆఖర్న నిలబడి ఉన్నాడు. ఆయన వంతు రావాలంటే మర్నాడు మధ్యాహ్నం అవుతుంది.