పిలిచి వెళ్లాల్సిన ఇల్లు

విక్ బాబాయిని మట్టి చేసిన నాలుగో రోజున అతని మొదటి భార్య కొడుకులిద్దరూ బండి వేసుకొచ్చి, గోడకున్న నాలుగు తుపాకులూ తీసుకుపోయారు. అందులో తప్పేమీ లేదు. క్రేన్ ఫోర్క్ వాగు పొడుగునా తండ్రి తుపాకులు కొడుకులవే. ఆర్డెల్లా పిన్ని వాళ్లకు కాఫీ పోసింది. గీతలు పడకుండా చుట్టుకోండని పాత దుప్పటి కూడా ఇచ్చింది. గోడకు మేకులు మిగిలాయి.

ఆకులు రాలే రోజుల్లో, ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్లొచ్చేలోగా ఎవరో కొట్టం తాళం విరిచి రంపం మిషనూ రాగి గొట్టాలూ ఎత్తుకుపోయారు. వంటింట్లోకి కూడా వచ్చారు. అక్కడ దేన్నీ తీసుకోలేదు. బల్ల మీదున్న యాపిల్ కేకు ఒక ముక్క కోసుకు తిని, కత్తిని అలాగే వదిలేసి పోయారు. పిన్నికి రంపం పోయిన దిగులు లేదు. ఆ కత్తి గురించే డెన్సిల్‌కి రెండు మూడుసార్లు చెప్పింది.

"ఒరే, నాక్కూడా ఒకటి చూసిపెట్టరా," అంది చివరికి.

"ఏంటి, కత్తా?"

"తుపాకీరా."

డెన్సిల్ ఆమె అక్క కొడుకు. యాభై తొమ్మిదేళ్లవాడు, దుంగల లారీ తోలుతాడు. భార్య విడిచి వెళ్లిపోయాక వారంలో మూడు పూటలైనా పిన్ని వంటింట్లోనే తింటాడు. చిక్కుళ్ల పులుసూ మొక్కజొన్న రొట్టే తిని, గిన్నె తొట్టిలో పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్లిపోతాడు. మాట్లాడుకునేది తక్కువ. పిన్నికి డెబ్భై ఆరు. విక్‌తో నలభై ఏళ్లు కాపురం చేసింది గానీ ఏనాడూ తుపాకీ ముట్టుకోలేదు. అతను ఉడుతల్ని కొట్టుకొస్తే ఒలిచి వండేది, అంతే.

తుపాకీ కోసం పిన్నిని కొట్టుకు తీసుకెళ్లేముందు డెన్సిల్ ఆమె ఇల్లంతా అడుగులేసి చూశాడు. మంచం మీద కూర్చుంటే గుమ్మం సూటిగా కనిపిస్తుంది. గుమ్మం వెనక నడవా, దాని వెనక గోడ, గోడ వెనక కొండ. అటు గుండు పోయినా మట్టిలోనే దిగుతుంది. ఇరుకు నడవాలో పొడుగు తుపాకీ తిప్పడం కష్టమని అక్కడే తేల్చుకున్నాడు.

ఆర్లిస్ కొట్లో అరచేతిలో ఇమిడేది ఒకటి తీసి చూపించాడు ఆర్లిస్.

"ఆడవాళ్లు ఇదే అడుగుతారు. పర్సులో పడుంటుంది."

"తేలిగ్గా ఉన్నదే గట్టిగా తన్నుతుంది. ఆమె మణికట్టు ఉంటుందా పోతుందా? మీ ఆవిడకియ్యి దాన్ని."

"ఇస్తే నేనిక్కడ ఉంటానా?"

ఇంకొకటి, పైభాగం వెనక్కి లాగి గుండు ఎక్కించేది. పిన్ని రెండు చేతులతో లాగింది, పొట్టకు ఆనించి లాగింది. బొటనవేళ్ల కణుపులు వాచి ఉన్నాయి, అది సగం దాకా వచ్చి ఆగింది. "ఇది నా మాట వినదు," అని జాగ్రత్తగా గాజు బల్ల మీద పెట్టేసింది. డెన్సిల్ చివరికి ఆరు గుళ్ల రివాల్వర్ ఒకటి ఎంచాడు. కాస్త బరువైనది. ఆ బరువే తాపును మింగుతుంది. లాగాల్సిందీ ఎక్కించాల్సిందీ ఏమీ లేదు. మెత్తగా పేలే గుళ్లు అడిగి తీసుకున్నాడు. మీట మీద ఆమె వేలు సరిగ్గా ఆనుతుందో లేదో, ముందున్న గుర్తు కళ్లద్దాలతో కనిపిస్తుందో లేదో మూడుసార్లు చూశాడు. తను కొనుక్కున్నప్పుడు కూడా ఇంత చూసుకోలేదు.

ఇంటి వెనక మట్టికట్టకు రేకు పళ్లేలు గుచ్చి, మోత తగలకుండా ఇద్దరికీ చెవులకు డిప్పలు పెట్టి, ఆమెను నిలబెట్టాడు. మొదటిది ఎక్కడికి పోయిందో తెలీలేదు.

"కళ్లు తెరువు పిన్నీ," అన్నాడు ఆమె డిప్ప ఎత్తి.

"తెరిస్తే కనిపిస్తుందిరా."

"కనిపించాలనే."

ఆరింటిలో రెండు తగిలాయి. చిల్లుపడ్డ పళ్లెం దగ్గరికి వెళ్లి, చిల్లులో వేలు పెట్టి చూసింది. నవ్వలేదు గానీ నడక మారింది.

"ఒక్కటి మర్చిపోకు," అన్నాడు డెన్సిల్. "ముందు ఎవరని అడుగు. జవాబు కోసం ఆగు. మనవాళ్లయితే ఎలాగూ పిలిచే వస్తారు."

అది నిజం. ఆ వాగు వెంట ఎవరూ పిలవకుండా మెట్లెక్కరు. ముంగిట్లో ఆగి, ఇంట్లోవాళ్లూ, నేను ఫలానా, అని గొంతెత్తి చెప్పి, లోపలి నుంచి పలికితేనే అడుగు వేస్తారు. తాతల నాటి నుంచీ అంతే. పిలవకుండా వంటింటి తలుపు తోసేది డెన్సిల్ ఒక్కడే.

మర్నాడు ఆర్లిస్ కొట్లో పదిమంది ఉండగా, పిన్ని ఆరింటికి నాలుగు తగిలించిందని కావాలనే చెప్పాడు. సాయంత్రానికి వాగంతా తెలిసింది. దొంగలు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మిగతా వాళ్లూ తొక్కలేదు. అది డెన్సిల్‌కి ఆలస్యంగా కనిపించింది. పాస్టరు రోడ్డు మీదే కారాపి, హారన్ కొట్టి, చర్చి కాగితం ఉత్తరాల డబ్బాలో పెట్టి పోతున్నాడు. మంగళవారం గుడ్లు తెచ్చి ఒక గంట కూర్చుని పోయే రీవా, గుడ్లు కూడా ఆ డబ్బాలోనే పెడుతోంది. ఒక మంగళవారం డెన్సిల్ వెళ్లేసరికి బల్ల మీద రెండు కప్పులున్నాయి. పిన్ని ఒకటి తీసి, తుడిచి, మళ్లీ అరలో పెట్టింది.

"రీవా రాలేదా?"

"చలి కదా," అంది.

క్రిస్మస్ వెళ్లాక పెట్రోలు బంకులో రీవా ఎదురైంది.

"మీ పిన్నికి నా మీద కోపమేంట్రా?"

"ఎందుకూ?"

"మూడు మంగళవారాలు ముంగిట్లో నిలబడి పిలిచాను. గొంతు పోయేలా పిలిచాను. తెర వెనక మనిషి కదులుతూనే ఉంది, జవాబు లేదు. మునుపైతే పలక్కపోయినా తెలిసిన ఇల్లే కదా అని ఎక్కేసేదాన్ని. ఇప్పుడు దాని చేతికి నువ్వు ఆరు గుళ్లిచ్చావు. నేను ముగ్గురు మనవల్ని సాకుతున్నాను నాయనా."

"వినపడి ఉండదు," అన్నాడు డెన్సిల్.

అన్నాక ఆగిపోయాడు. రీవా వెళ్లిపోయినా పంపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. చేతులు చూశాడు, మణికట్టు చూశాడు, కళ్లు చూశాడు, ఇంటి వెనక కొండ కూడా చూశాడు. చెవులు చూడలేదు. ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చుని తిన్నాడు. మాట్లాడి ఉంటే తెలిసేది.

అటునుంచి అటే వెళ్లాడు. బండి ఆపి, ఎప్పటిలాగే వంటింటి వైపు నడిచాడు. మెట్ల దగ్గర కాళ్లు ఆగాయి. కిటికీలోంచి పిన్ని వీపు కనిపిస్తోంది, తొట్టి దగ్గర ఏదో కడుగుతోంది. నాలుగడుగులు వేస్తే తలుపు.

"పిన్నీ, నేను, డెన్సిల్‌ని."

ఆమె కదల్లేదు. ఇంకోసారి పిలిచాడు. బండి దగ్గరికి వెళ్లి హారన్ కొట్టి వచ్చాడు. మంచు మొదలైంది. ముంగిట్లో అలాగే నిలబడ్డాడు, సిగ్గుపడుతూ.

కాసేపటికి ఆమె బొగ్గు బకెట్టుతో బయటికొచ్చింది.

"ఎంతసేపయిందిరా వచ్చి?"

"ఇప్పుడే."

పిన్ని అతని టోపీ మీది మంచు చూసింది. భుజాల మీది మంచు చూసింది.

"నువ్వు కూడానా," అంది.

లోపల కూర్చున్నాక డెన్సిల్ ఆమెకు కనిపించేలా నోరు తిప్పుతూ అడిగాడు. "చెవి మిషన్లుండాలి కదా నీకు."

"సొరుగులో ఉన్నాయి. అవి బల్ల దగ్గర మాటకే పనికొస్తాయిరా. అవి పెట్టుకున్నా ముంగిట్లో మాట అందదు, గాలి హోరుమన్నట్టు ఉంటుంది. బల్ల దగ్గర మాట్లాడే మనిషి పోయాడు. ఇంక దేనికి?"

డెన్సిల్ కప్పులోకి చూశాడు.

"రీవా మూడుసార్లు వచ్చి పిలిచింది," అన్నాడు తలెత్తి.

"ముంగిట్లోకి వచ్చిందా?"

"వచ్చింది."

 ఆమె లేచి పడకగదిలోకి వెళ్లి, తుపాకీ పెట్టె తెచ్చి అతని ముందు పెట్టింది.

"తీసుకుపో."

"భయమేస్తుంది పిన్నీ నీకు."

"భయం వేస్తే వేసింది. నువ్వు మెట్ల కింద నిలబడి పిలిచే ఇల్లు నాకొద్దు."

అతను వద్దనలేకపోయాడు. గుళ్లు తీసి జేబులో వేసుకుని, పెట్టె మూసి తన వైపు లాక్కున్నాడు. పిన్ని ముఖం కొంచెం తేటపడింది.

"రీవాకు చెప్పరా, తీసేశామని. ఈ మంగళవారమే రమ్మను."

డెన్సిల్ తల అడ్డంగా ఊపాడు.  "రీవాకు చెబితే రేపటికి ఆర్లిస్ కొట్లో తెలుస్తుంది. అక్కడ తెలిస్తే ఆ కేకు తిన్నవాడికీ తెలుస్తుంది. నీ దగ్గర ఉందనుకున్నన్నాళ్లే వాడు రాడు."

"రీవా ఒక్కదానికి చెప్పకూడదా?"

"రీవా ఎవరికి చెప్పకుండా ఉంది, ఎప్పుడైనా?"

పిన్ని దానికి కొంచెం నవ్వింది. రీవా కప్పున్న అర వైపు చూసింది. బొగ్గు బకెట్టు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

"అయితే చెప్పకు," అంది. "ఉందనే చెప్పు."

శనివారం ఆర్లిస్ కొట్లో మేకులు కొనుక్కుంటూ రీవా అడిగింది. "ఇంకా పెట్టుకునే ఉందా అది?"

"ఉంది. మంచం పక్కనే."

"గురి కుదిరిందా?"

"కుదిరింది."

రీవా తల పంకించింది. కోపం లేదు ఆమె ముఖంలో. "సరేలే మరి. అడిగానని చెప్పు," అని పొట్లం తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం డెన్సిల్ పిలవకుండా మెట్లెక్కి తలుపు తోశాడు. రీవా అడిగిందని చెప్పాడు. పిన్ని అలాగా అంది. పులుసు తిన్నాడు. గిన్నె తొట్టిలో పెట్టి, టోపీ అందుకుని, మళ్లీ కొక్కేనికి తగిలించి వచ్చి కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో అతనికి తెలియదు. గురువారం లారీ ఎక్కడ కూరుకుపోయిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఏ చక్రం, ఎంత లోతు, గొలుసు ఎవరు తెచ్చారు, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పాడు. పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుని, అతని నోటి వంక చూస్తూ కూర్చుంది.