వేలిముద్ర రానివాడు

ఆ యంత్రం సబ్బుపెట్టె కంటే పెద్దదేమీ కాదు. గణేష్‌బాబు మాత్రం దాన్ని కాకినాడ నుంచి ఏసీ కారులో, కింద దిండు వేసి మరీ తీసుకొచ్చాడు. మా ఇంట్లో సాలగ్రామానికి కూడా అంత మర్యాద జరగదు.

అది రెండువేల నాలుగో సంవత్సరం, కార్తీక సోమవారం. నేను ఉపవాసం ఉన్నాను. రాజమండ్రి కాంట్రాక్టరు చంద్రరావు గారి దగ్గర నేను గుమస్తాని. తమిళదేశంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక అణు విద్యుత్ కేంద్రాన్ని ఏటా కొన్నాళ్ళు ఆపి లోపలి పైపులు బాగుచేస్తారు. ఆ పనికి మా ఫిట్టర్లనీ వెల్డర్లనీ పంపుతారాయన. గేటు పాసుల కాగితాలు రాయడం నా పని. అంతవరకూ పాసంటే ఒక ఫోటో, ఒక సంతకం. ఆ ఏడు అక్కడ కొత్త తలుపులు పెట్టారు. అవి తాళంచెవితో తెరుచుకోవట, మనిషి వేలితో తెరుచుకుంటాయట. అందుకని మనుషుల వేళ్ళని ముందే యంత్రంలోకి ఎక్కించుకోవడానికి ధవళేశ్వరంలో ఒక కల్యాణమండపం తీసుకున్నారు. యంత్రం అమ్మిన కంపెనీ తరఫున వచ్చినవాడు గణేష్‌బాబు.

"కొత్త మిషను కదా సత్యప్రసాద్ గారూ, కాస్త పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టండి," అన్నారు చంద్రరావు గారు.

నేను గంధం తీశాను. యంత్రం మధ్యలో ఒక చిన్న అద్దం ఎర్రగా వెలుగుతోంది. నా కంటికి అది నుదురులా కనబడింది. అక్కడే గంధం రాసి బొట్టు పెట్టాను.

గణేష్‌బాబు గావుకేక పెట్టాడు. "అయ్యయ్యో, వేలు పెట్టేది అక్కడేనండీ! కంట్లో కుంకం కొడతారేంటండీ ఎవరైనా?"

అరగంటసేపు స్పిరిట్‌తో తుడిచాడు. తుడుస్తూనే ఫోన్‌లో ఎవరికో ఇంగ్లీషులో చెప్పి నవ్వాడు. మధ్యలో 'బొట్టు' అన్న ఒక్క మాటే నాకు అర్థమైంది. ఆయన సొంతూరు తునే. తునిలో బొట్లు పెట్టడం ఎప్పుడు మానేశారో నాకు తెలియదు.

పన్నెండుమంది జట్టులో పదకొండుమంది వరసలో నిలబడ్డారు. మొదటివాడు వీరాస్వామి. అద్దం మీద వేలు పెట్టాడు. పచ్చదీపం వెలిగి "థాంక్యూ" అంది యంత్రం.

"చూశారా, మా ఆవిడ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి అన్లేదండి ఈ మాట," అన్నాడు వీరాస్వామి. అందరూ నవ్వారు. గణేష్‌బాబు నవ్వలేదు. యంత్రం ముందు నవ్వకూడదు కాబోలు.

జట్టు మేస్త్రి రాజరత్నం వరసలో నిలబడలేదు. గుంజకి ఆనుకుని, జేబులో పెన్ను సర్దుకుంటూ చూస్తున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. ఇరుకు సందుల్లో పైపులు బిగించడంలో ఆయన్ని మించినవాడు ఈ రెండు జిల్లాల్లో లేడు. అంతకు ముందు మూడేళ్ళు ఆ కేంద్రానికి వెళ్ళొచ్చాడు. యాభై అయిదు నిండితే అక్కడ పాసివ్వరు. ఆ ఏడే ఆఖరు.

"మేస్త్రీ, నువ్వు రావయ్యా," అన్నాడు గణేష్‌బాబు. తండ్రి వయసు మనిషిని అలా పిలవడం కూడా ఆ కంపెనీవాళ్ళే నేర్పి ఉంటారు.

"నేను సంతకం చేస్తానండి," అన్నాడు రాజరత్నం, పెన్ను తీస్తూ.

"సంతకం ఎవడిక్కావాలి? వేలు పెట్టు."

"వేలిముద్ర వెయ్యనండి. నాకు సంతకం వచ్చండి."

గణేష్‌బాబు పకపకా నవ్వాడు. "వచ్చులేవయ్యా. నిన్నెవరన్నా చదువురాని నిశానీ అన్నారా? ఇది బయోమెట్రిక్."

ఆ మాటతో యంత్రానికి గౌరవం పెరిగిందే గాని రాజరత్నం వేలికి ఒరిగింది ఏమీ లేదు.

ఆయన సంగతి నాకు తెలుసు. పెద్దకూతురు రెబెక్కాని బడిలో వేసిన రోజున హెడ్మాస్టరు సిరాపెట్టె తోసి, "ఎడమచేతి బొటనవేలు" అన్నాడట. వేశాక, తుడుచుకోవడానికి గుడ్డ ఎవరూ ఇవ్వకపోతే, అందరిలాగే ఆయనా వేలు తలవెంట్రుకలకి రాసుకున్నాడు. బడికొచ్చిన పిల్లలు నవ్వారు. రెబెక్కా నవ్వలేదు. రెండో తరగతిలోకి వచ్చాక ఆ పిల్లే పలక పెట్టి తండ్రికి అక్షరాలు దిద్దించింది. మొదటిసారి సంతకం చేసిన ఆదివారం ఆయన లూథరన్ గుడిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఈ వేలు మళ్ళీ ఎవరి ముందూ ముద్ర వెయ్యదని దేవుడికి మాటిచ్చాడు. ఆ వేలు ఇరవై ఏళ్ళుగా మాట తప్పలేదు. జట్టంతటి తరఫునా తనే సంతకం పెట్టే అక్కడి గేటు పుస్తకంలో కూడా అరవ అక్షరాల మధ్య తెలుగు అక్షరాలు తనవొక్కడివేనని గొప్పగా చెప్పుకునేవాడు.

చంద్రరావు గారు నన్ను పక్కకి పిలిచారు. "మీరు చెప్పండి సత్యప్రసాద్ గారూ. ఆడు రాకపోతే జట్టు కదలదు. సాయంత్రం అయిదింటికల్లా ఈ కాగితాలన్నీ పంపించాలి. ఏంటండీ ఈ పిచ్చి మొక్కులు!" అంటూనే కుర్రాడెవరో తెచ్చిన టీ నా వైపు రాకుండా చెయ్యి అడ్డం పెట్టారు. "వారికి వద్దు, సోమవారం ఉపవాసం," అని కూడా చెప్పారు.

నా మొక్కుకి టీ గ్లాసు పక్కకి తప్పుకుంది. ఆ మనిషి మొక్కు పిచ్చిదెలా అయింది? ఈ ప్రశ్న నాకు అప్పుడే తట్టింది. తట్టినా, సిగ్గు లేకుండా వెళ్ళి చెప్పాను.

"రాజరత్నం, ఇది చదువు రానివాళ్ళ వేలిముద్ర కాదు. కలెక్టరైనా ఆ తలుపు దగ్గర వేలు పెట్టాల్సిందేనట."

"మరి కలెక్టరు గార్ని నవ్వుతారాండీ?"

వీరాస్వామి దగ్గరికొచ్చాడు. "నువ్వు రాకపోతే మేమూ వెళ్ళం మేస్త్రీ. అక్కడ వాల్వుల మధ్యకి దూరేది ఎవరు? నా పొట్టా?"

రాజరత్నం జట్టుకేసి చూశాడు. పదకొండుమందీ ఆయన మొహంకేసే చూస్తున్నారు. పెన్ను జేబులో పెట్టుకుని యంత్రం దగ్గరికి నడిచాడు. కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు. క్షమాపణే అనుకుంటా. ఎడమచేతి బొటనవేలు అద్దం మీద పెట్టాడు.

ఎర్రదీపం వెలిగింది. "ట్రై ఎగైన్" అంది యంత్రం.

రాజరత్నం వేలు తీసి, తనకి తెలియకుండానే తల మీద వెంట్రుకలకి రాసుకున్నాడు.

అక్కడ సిరా లేదు. అయినా రాసుకున్నాడు. గణేష్‌బాబు నవ్వు ఆపుకోలేక కుర్చీలో వెనక్కి వాలాడు. "సిరా అనుకున్నావా ఏంటి?" ఆయన వెంట వచ్చినవాళ్ళూ నవ్వారు. జట్టులో ఒక్కడూ నవ్వలేదు.

మళ్ళీ పెట్టించాడు. కుడిచెయ్యి పెట్టించాడు. చూపుడువేలు, మధ్యవేలు, తడిపి ఒకసారి, ఆరబెట్టి ఒకసారి. పదివేళ్ళూ అయ్యాయి. నా గంధం ఇంకా ఉందేమోనని నేను భయపడుతుంటే, మధ్యలో వీరాస్వామి వేలు పెట్టి చూశాడు. వాడికి థాంక్యూలు దండిగా చెప్పింది. రాజరత్నం చెయ్యి పట్టుకుని చూశాను. ముప్ఫై ఏళ్ళు పైపుల మరలు తిప్పీ, గ్రైండరు పట్టీ, వేలి కొసలు నదిలో గులకరాళ్ళలా నున్నగా అయిపోయాయి. గీత అన్నది లేదు. ఏ పని చేసినందుకు అక్కడికి రమ్మంటున్నారో ఆ పనే ఆయన వేళ్ళని తినేసింది. ఆ సంగతి కనిపెట్టలేని యంత్రానికి ఏసీ కారు, దిండు!

గణేష్‌బాబు పెదవి విరిచాడు. "ఏం మనిషివయ్యా! ఆఖరికి వేలిముద్ర వెయ్యడం కూడా రాదా నీకు?"

సంతకం రాదని ఒకనాడు నవ్వారు. ఇప్పుడు వేలిముద్ర రాదని నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

"రిజెక్టెడ్. పాసు రాదు. నెక్స్ట్," అన్నాడు.

"నెక్స్ట్ ఎవరూ లేరండి," అన్నాడు వీరాస్వామి. "మేం కూడా వెళ్ళిపోతున్నాం."

చంద్రరావు గారి మొహం పాలిపోయింది. నేను ఏం చెయ్యాలో తోచక రాజరత్నం ఫారం చేతిలోకి తీసుకున్నాను. అది ఇంగ్లీషులో ఉంది. నా చదువు ఎస్సెల్సీ వరకే. కూడబలుక్కుంటూ చదివాను. వెనక్కి తిప్పితే, అడుగున చీమల బారులా చిన్న అక్షరాలు కనబడ్డాయి. రెండుసార్లు చదువుకుని అన్నాను:

"గణేష్‌బాబు గారూ, ఇక్కడేదో ఉందండి. వేలిముద్ర పడని మనిషి అయితే కారణం రాసి, అతని సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోమన్నారు. గేటు దగ్గర ఫోటో, సంతకం చూసుకుని పంపుతారట."

"అది ఎవరూ వాడరండి."

"అచ్చు వేశారు కదండీ మరి?"

ఆయన ఫారం లాక్కుని చదివాడు. తన కంపెనీ కాగితం వెనక ఏముందో ఆయన అప్పుడే మొదటిసారి చదువుతున్నట్టు తెలిసిపోతూనే ఉంది. చంద్రరావు గారు గడియారం చూపించారు. "కానిచ్చెయ్యండి బాబూ. అయిదైపోతోంది."

గణేష్‌బాబు విసుగ్గా పెన్ను తీశాడు. కారణం అన్న గడి దగ్గర ఆగి, "వేలు పాడైపోయింది అని రాస్తున్నా," అన్నాడు.

"పాడవలేదండి," అన్నాడు రాజరత్నం. "అరిగిందండి. రెండూ ఒకటి కాదు కదండీ. ఇలా ఇవ్వండి, నా కారణం నేను రాసుకుంటాను."

జేబులోంచి తన పెన్నే తీశాడు. బల్ల మీదకి వంగి, రెబెక్కా పలక మీద నేర్పినట్టే, ఒక్కో అక్షరం నిలబెట్టుకుంటూ రాశాడు. నేను తొంగిచూశాను.

'సంతకం వచ్చును.'

"ఇది కారణం కాదయ్యా!" అన్నాడు గణేష్‌బాబు.

"నాకు ఇదేనండి కారణం." కింద పూర్తి పేరు రాసి చుక్క పెట్టాడు.

సాక్షిగా నేను చేశాను. రెండో సాక్షి గణేష్‌బాబు. జెర్రి పాకినట్టు ఒక్క గీత బరికి పారేశాడు. రాజరత్నం కాగితం దగ్గరగా పెట్టుకుని పరీక్షగా చూశాడు.

"ఇందులో తమరి పేరు ఎక్కడుందండీ?"

ఈసారి జట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఉపవాసమైనా. యంత్రం దిండు మీదకి ఎక్కి కారులో వెళ్ళిపోయింది.

పదహారు రోజులకి పాసులు పన్నెండూ వచ్చాయి. పంచిపెడుతూ రాజరత్నం గారి పాసు తిప్పి చూశాను. కారణం అన్నచోట, అక్కడి గుమస్తా ఎవరో తెలుగు రానివాడు, ఆ రెండు మాటలనీ ఉన్నదున్నట్టు బొమ్మ గీసినట్టు దించాడు. అక్షరాలు వంకరటింకరగా, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.

రాజరత్నం గారు పాసు వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు.

"కొత్తగా నేర్చుకుంటున్నాడండి పాపం," అన్నారు. "తలకట్లు పెట్టడం మరిచిపోయాడు. వెళ్ళాక చెప్పాలి."